తలుపు వెయ్ రా

ఆర్గాన్‌కి తాళం వేసి ఉంది.

కోడలు రెండుసార్లు మూత లాగి చూసింది. మూడోసారి లాగడానికి మనసొప్పక చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ ఇంట్లో బీరువాకి తాళం ఉండదు, గేటుకి తాళం ఉండదు, అత్తగారి నోటికి అసలే ఉండదు. అలాంటి ఇంట్లో, ముందుగదిలో, ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి ఎప్పుడూ తెరిచే ఉన్న, మామగారు వాయించే ఆ పాత ఆర్గాన్‌కి తాళం పడింది.

"మావయ్య తాళంచెవి కూడా తీసుకుపోయారు," అంది.

కొడుకు కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పలేదు. "తీసుకుపోనీ. ఆర్గాన్ పని అయిపోయిందిగా. రేపు పొద్దున రికార్డు అచ్చువేసే చోటికి ఆల్బమ్ పంపెయ్యడమే మిగిలింది."

"మనిషి ఇల్లు వదిలి వెళ్లిపోతే నీకు ఆల్బమ్ మిగిలిందా?"

"ఇల్లు వదలడం ఏంటి, పెద్ద మాట! పెద్దత్త వాళ్లింటికి వెళ్లాడు. నాలుగు వీధుల అవతల. కోపం తగ్గాక వస్తాడు."

వంటింట్లోంచి తల్లి గొంతు వినిపించింది. "అమ్మాయ్, మీ ఆయనకు చెప్పు. మీ మావయ్య వెళ్లేటప్పుడు 'వెళ్లొస్తాను' అనలేదు. 'వెళ్తున్నాను' అన్నారు."

మీ ఆయన అక్కడే ఉన్నాడు. వంటింటి గుమ్మానికి, అతని కుర్చీకి మధ్య నాలుగడుగులు కూడా లేవు. అయినా శుక్రవారం సాయంత్రం నుంచి తల్లి కొడుకుతో నేరుగా మాట్లాడటం మానేసింది. చెప్పాల్సినవన్నీ కోడలి మీదుగా పంపిస్తోంది. తిండి మాత్రం నేరుగానే పెడుతోంది, కాస్త చప్పుడు చేస్తూ.

కొడుకు మౌస్ మీంచి చెయ్యి తీశాడు. ఆ రెండు మాటలకీ ఉన్న తేడా అతనికి తెలియంది కాదు. ఎందుకంటే ఆ ఆల్బమ్ పేరే 'వెళ్లొస్తాను'. ఆ పేరు పెట్టింది వాళ్ల నాన్నే.

*

శుక్రవారం జరిగింది ఇదీ.

రికార్డు కంపెనీ ఆయన పాటలు వినడానికి ఇంటికొచ్చాడు. శబ్దం బయటికి పోకుండా దుప్పట్లు మేకులతో కొట్టిన గోడల మధ్య, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో కూర్చోబెట్టారు. రికార్డు మొదటి పక్కకి వచ్చే ఐదు పాటలూ విన్నాడు. కోడలి గొంతుకి తల ఊపాడు, కొడుకు గిటారుకి కాలు ఊపాడు. తర్వాత రెండో పక్క పెట్టారు. రెండో పక్క మొత్తం ఒకటే పాట. తల్లి దాన్ని 'మీ పొడుగుపాట' అంటుంది. పక్కింటివాళ్లు అనేది ఇక్కడ రాయక్కర్లేదు.

ఆ పాట మధ్యలో ఇంటి పెద్దాయన ఒక్కడే ఐదు నిమిషాలు ఆర్గాన్ వాయిస్తాడు. పాట కింది శ్రుతిలో మొదలై పై శ్రుతిలో ముగుస్తుంది. కింద నుంచి పైకి పాటను మెల్లగా, ఒక్కో మెట్టూ ఎక్కించి తీసుకెళ్లేది ఆ ఐదు నిమిషాలే. ఉద్యోగకాలమంతా లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. సాయంత్రాలు ఇంటికొచ్చి, గ్రీజు మరకలు పోయేదాకా చేతులు కడుక్కుని, పాత రాక్ రికార్డులు పెట్టుకుని వింటూ వాటితోపాటు వాయిస్తూ పెరిగిన చేతులు అవి. పిల్లలిద్దరికీ సంగీతం అక్కడి నుంచే పట్టింది. "ఎంత దూరమైనా పోండి, ఎన్ని వంకరలైనా తిరగండి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మొదటి రాగం చేతిలో ఉండాలి," అనేవాడు. ఆల్బమ్ అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

శుక్రవారం ఆయన మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తన వంతు వచ్చే చోటు దగ్గరికి పాట వచ్చింది. డ్రమ్ముల మీది ఇత్తడి తాళం ఒకటి ఛన్‌మని మోగింది. ఐదు నిమిషాలు లేవు. పాట సరాసరి పై శ్రుతికి దూకేసింది.

కొడుకు కోసేశాడు. గురువారం మధ్యాహ్నం, అందరూ పనులకు పోయినప్పుడు, ఎవరికీ చెప్పకుండా.

కంపెనీ ఆయన అంతా విని, "పాత రికార్డుల వాసన ఉంది కానీ, ముక్కు మూసుకునేంత లేదు," అన్నాడు. కొడుకు నవ్వాడు.

పెద్దాయన గ్లాసులు బల్ల మీద పెట్టాడు. మర్నాడు పొద్దున ఆర్గాన్ మూత దించాడు.

*

అదే రోజు, ఆదివారం, పది గంటలకి కొడుకు చెల్లెలు దరువు వచ్చింది. అసలు పేరు ఇంట్లో ఎవరూ వాడరు. ఊయల్లో ఉన్నప్పటి నుంచి దొరికినదాని మీదల్లా కొట్టేది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు అచ్చాఫీసులో పని, ఈ బృందంలో డ్రమ్స్. చెప్పులు విప్పకముందే అన్న మీద విరుచుకుపడింది.

"నాన్న వెళ్లిపోయాడని నాకు పెద్దత్త చెప్పాలా? మీకు ఫోన్లు లేవా?"

"నీకు చెప్తే ఇలా వచ్చి అరుస్తావనే."

"అరవడానికే వచ్చాను. ఎందుకు కోశావు?"

"వంద సార్లు చెప్పాను. రికార్డుకి ఒక పక్క ఇరవై రెండు నిమిషాలు దాటితే గాడి సన్నబడిపోతుంది. శబ్దం పీలగా వస్తుంది. మన పాట ఇరవై ఆరు దాటింది. ఎక్కడో ఒకచోట కొయ్యాలి. నీ డ్రమ్స్ కొయ్యనా? దీని పాట కొయ్యనా?"

"కోస్తే కోశావు," అంది కోడలు, "చెప్పి కొయ్యొచ్చుగా."

"చెప్తే ఒప్పుకుంటాడా?"

"అడిగి చూశావా?"

కోడలు కళ్లజోళ్ల షాపులో పని చేస్తుంది. రోజంతా మనుషుల కళ్లలోకి చూసి, ఏ అద్దం పెడితే కనిపిస్తుందో కనిపెట్టడం ఆమెకు అలవాటు. ఇప్పుడు మొగుడి కళ్లలోకి అలాగే చూసింది. అతను కుర్చీ తిప్పేసుకున్నాడు.

"ఆఖరిసారి మొత్తం వింటే పంపెయ్యొచ్చు," అన్నాడు. "వినండి. ఎక్కడైనా గతుకు ఉంటే చెప్పండి. లేదంటే ఇక ఈ గొడవ వదిలెయ్యండి."

పాట పెట్టాడు.

ముందు పన్నెండు తీగల గిటారు, ఎవరో చీకటి గదిలో అగ్గిపుల్ల కోసం తడుముకుంటున్నట్టు. దాని మీద కోడలి గొంతు, తర్వాత దరువు గొంతు కలిసింది, తర్వాత కొడుకుది. మూడు గొంతులూ విడివిడిగా నడిచి, 'వెళ్లొస్తాను' అన్న మాట దగ్గర ఒకటయ్యాయి. కింద ఆర్గాన్ పరుచుకుంది. ఎంత తిట్టుకుంటున్నా ముగ్గురూ ఒక్కసారి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బాగుంది. కోపంగా ఉన్నా సరే, బాగుంది.

అప్పుడు ఏడు మాత్రల నడక మొదలైంది.

ఆ ఏడు ఈ ఇంట్లోనే పుట్టింది. కొడుకు చిన్నప్పుడు బయటికీ లోపలికీ తిరుగుతూ ఎప్పుడూ తలుపు బార్లా వదిలేసేవాడు. తల్లి వంటింట్లోంచి "తలుపు వెయ్ రా!" అని అరిచేది. రోజూ అరిచేది, ఒకే రాగంలో అరిచేది. దరువు ఆ అరుపుకి గరిటెతో పీట మీద కొట్టేది. ఓ రోజు పెద్దాయన ఆర్గాన్ మీద దాన్ని పట్టుకున్నాడు. 'తలుపు' మూడు మాత్రలు, 'వెయ్' రెండు, 'రా' రెండు. మొత్తం ఏడు. బయట ఎవరైనా దాన్ని సెవెన్ బై ఎయిట్ అంటే వీళ్లకి నవ్వొస్తుంది. ఈ ఇంట్లో దాన్ని తలుపు అంటారు. 'రెండోసారి తలుపు దగ్గర నుంచి అందుకో,' అనుకుంటారు వాయించేటప్పుడు.

తలుపు, తలుపు, తలుపు అంటూ పాట ఊపందుకుంది. తల్లి తడిబట్టల బుట్ట చంకన పెట్టుకుని పెరట్లోకి పోతూ గదిలోంచి నడుస్తోంది. ఆమెకు సంగీతం రాదు. వాళ్ల పాటలు వినమంటే పని ఉందంటుంది. తర్వాత అంట్లు తోముతూ అవే కూనిరాగం తీస్తుంది.

తాళం ఛన్‌మంది. పాట పై శ్రుతికి దూకింది.

తల్లి ఆగిపోయింది.

"రా ఏది?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. కొడుకు పాట ఆపాడు. "ఏంటమ్మా?"

"తలుపు వెయ్ అన్నాక రా అనాలిగా. రా ఏదిరా? నా నోరు సగంలో నొక్కేశావేంటి?" శుక్రవారం నుంచి కొడుకుతో మాట్లాడటం లేదన్న సంగతి ఆమె మరిచిపోయింది.

కొడుకు వెనక్కి జరిపి మళ్లీ పెట్టాడు. ముగ్గురూ పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. తలుపు వెయ్ రా. తలుపు వెయ్ రా. తలుపు వెయ్, ఛన్.

రా లేదు. కోసేటప్పుడు ఐదు నిమిషాలతోపాటు రెండు మాత్రలు కూడా కత్తెరలోకి వెళ్లిపోయాయి.

"నాకు వినిపించింది," అంది దరువు నెమ్మదిగా. "శుక్రవారమే వినిపించింది. వదిన ఊపిరి తీసుకోవడానికి వీలుగా అక్కడ కావాలనే పొట్టి చేశావనుకున్నా."

"నేను నీ డ్రమ్స్‌లో ఏదో కొత్త వేషం అనుకున్నా," అంది కోడలు.

ఇద్దరూ కొడుకు వైపు చూశారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "నేను కోసి విన్నప్పుడు, ఇది నాకే తట్టిన గొప్ప మలుపు అనుకున్నాను," అన్నాడు.

ఇలాంటి సంగీతంలో అదే చిక్కు. లెక్కలు మార్చి మార్చి వాయించేవాళ్ల మధ్య కాలు జారినా నాట్యమే అనుకుంటారు. ఒకరు చేసిన పొరపాటు ఇంకొకరికి తెలివితేటలా కనిపించింది. ముగ్గురూ మనసులోనే మెచ్చుకుని ఊరుకున్నారు.

"ఇంకా విను," అంది కోడలు. "కంపెనీ ఆయన నిన్న ఫోన్ చేసి ఏమన్నాడో గుర్తుందా? 'ఆ మధ్యలో కుంటినడక ఉంది చూడండి, అక్కడ ఒళ్లు ఝల్లుమంది. ఆల్బమ్ తీసుకునేది దాని కోసమే,' అన్నాడు."

దరువు నవ్వు ఆపుకోలేక డ్రమ్ముల వెనక్కి పోయి కూర్చుంది. తల్లికి మాత్రం నవ్వు రాలేదు. "నాది కుంటినడకా?" అంటూ బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

*

కొడుకు గంటసేపు కుస్తీ పట్టాడు. పోయిన రెండు మాత్రలూ తెచ్చి పెట్టడం పెద్ద పని కాదు. పెట్టాడు. పెట్టగానే అసలు కథ బయటపడింది. మూడు రోజులుగా ఆ తొందర, ఆ ఛన్‌మనే మోత కప్పేసిన గుంత ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఇటు కింది శ్రుతి, అటు పై శ్రుతి. మధ్యలో ఏమీ లేదు. మెట్లు పీకేసి మేడ మీదికి ఎగరమన్నట్టుంది.

"గిటారుతో ఏదైనా వెయ్యి," అంది దరువు.

వేశాడు. అతుకులా ఉంది. కోడలు గొంతుతో ప్రయత్నించింది. అదీ అతుకులాగే ఉంది. ముగ్గురూ మూతపడ్డ ఆర్గాన్ వైపు చూశారు.

చివరికి కోడలే అంది. "మావయ్యను తీసుకురావాలి."

"నువ్వెళ్లవే. నువ్వంటే ఆయనకు ఇష్టం."

"కోసింది నేనా?"

అతను చెల్లెలి వైపు చూశాడు. దరువు కర్రలు సంచిలో పెట్టుకుంటూ, "నా వైపు చూడకు," అంది.

కొడుకు లేచాడు. చొక్కా మార్చుకున్నాడు, ఎందుకో తెలియదు. మళ్లీ పాత చొక్కానే వేసుకున్నాడు. బయటికి పోతూ అలవాటు చొప్పున తలుపు బార్లా వదిలేశాడు. వంటింట్లో తల్లికి గాలి తగిలింది. నోరు తెరిచింది. ఏమనుకుందో, ఏమీ అనకుండా తనే వచ్చి తలుపు వేసుకుంది.

*

పెద్దత్త వాళ్లది నాలుగో అంతస్తు. ఆ భవనంలో లిఫ్టు పాతది, చేత్తో లాగి మూసే ఇనప జాలీ తలుపుది. నిన్నటి నుంచి పనిచెయ్యడం లేదు. కొడుకు మెట్లెక్కి, రొప్పుతూ పైకొచ్చేసరికి లిఫ్టు అక్కడే ఆగి ఉంది. లోపల పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని తలుపు అంచున ఏదో బిగిస్తున్నాడు. బయట పెద్దత్త టార్చి పట్టుకుని నిలబడింది.

"వచ్చాడమ్మా కత్తెరరాయుడు," అంది ఆమె. "చూసుకో తమ్ముడూ, చొక్కా గుండీలు ఉన్నాయో లేవో."

"పెద్దత్తా, ఒక్క నిమిషం నాన్నతో మాట్లాడనిస్తావా?"

"మాట్లాడుకో. నేను టార్చి పట్టుకున్నాను కానీ చెవులు పట్టుకోలేదు."

పెద్దాయన తల ఎత్తలేదు. "ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు. అది కాదు, పొట్టిది."

కొడుకు ఇచ్చాడు.

"పాటలో రా పోయింది నాన్నా."

"శుక్రవారమే పోయింది."

"నీకు తెలుసా?"

"నా ఐదు నిమిషాలు పోయాయని తెలిసినవాడికి రెండు మాత్రలు పోయాయని తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"అడిగావా?"

"వాడికి అడగడం ఎక్కడొచ్చు?" అంది పెద్దత్త. "అడక్కముందే అన్నీ చేతిలో పెట్టి పెంచారుగా."

పెద్దాయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. మొదటిసారి కొడుకు మొహంలోకి చూశాడు.

"కోసినందుకు కాదురా. రికార్డులో చోటు లేదంటే నేనే కోసిచ్చేవాణ్ణి. గాడి సన్నబడుతుందని నాకు తెలీదా? ఆ రికార్డులు వినే కదా నేను పెద్దవాణ్ణయింది. చూడూ, విని విని ఎవరెవరి చేతులో నా చేతుల్లోకి వచ్చేశాయి. ఏది వాయించినా ఎక్కడో విన్నట్టే ఉండేది. ఆ ఐదు నిమిషాలు మాత్రం అలా లేవు. ఇది నాది అనుకున్నాను. ఆయన పాత వాసన అన్నాడు. అననీ, బయటివాడు. నువ్వెందుకు నవ్వావు?"

కొడుకు దారిలో తయారు చేసుకొచ్చిన మాటలన్నీ రికార్డు గురించి, నిమిషాల గురించి. వాటిలో ఒక్కటీ ఇక్కడ పనికిరాదు.

"భయమేసి నవ్వాను నాన్నా. వద్దంటాడేమోనని భయం. నాకు నవ్వు రాలేదు. నీ ముందు అలా నవ్వినందుకు అప్పటి నుంచీ నా మీద నాకే అసహ్యంగా ఉంది. నిన్ను అడగకుండా కొయ్యడం తప్పు. నవ్వడం ఇంకా పెద్ద తప్పు."

పెద్దత్త టార్చి కాస్త పక్కకు తిప్పింది. వెలుగు ఎవరి మొహం మీదా పడకుండా.

"ఎంత చోటుంది ఇప్పుడు?" అన్నాడు పెద్దాయన.

"లాగితే అర నిమిషం."

"ఐదు నిమిషాల మెట్లు అర నిమిషంలో ఎలా ఎక్కుతారు?"

"నాకూ తెలీదు. నాకు చేతకాలేదు. అందుకే వచ్చాను. వస్తావా?"

పెద్దాయన మోకాళ్లు పట్టుకుని లేచాడు. లోపల నిలబడే జాలీ తలుపును పట్టుకుని, పైకీ కిందికీ ఓసారి ఊపి చూశాడు. "ముందు ఇది కదుల్తుందో లేదో చూడనీ," అన్నాడు.

మీట నొక్కి తలుపు లాగాడు. అది గడగడమని వచ్చి టక్కున కూర్చుంది. ఆ టక్కుమన్న క్షణంలోనే, కుదుపు లేకుండా, లిఫ్టు కదిలింది. కొడుకు చూస్తుండగానే తండ్రి మొహం, చేతులు, మోకాళ్లు పైకి పోయాయి. ఆ మొహంలో ఏదో ఉంది. కోపం కాదు. ఎవరో పిలిస్తే విన్నట్టు ఉంది.

"నాన్నా!" అన్నాడు కొడుకు ఖాళీ జాలీలోకి.

"పైన ఇంకా రెండు అంతస్తులున్నాయి," అంది పెద్దత్త. "మంచినీళ్లు తాగుతావా?"

అతను చాలాసేపు నిలబడ్డాడు. లిఫ్టు పైకి పోతోంది, ఆగుతోంది, దిగుతోంది, మళ్లీ పైకి పోతోంది. ఈ అంతస్తులో మాత్రం ఆగలేదు.

*

"వస్తానన్నాడా?" అంది కోడలు.

"లిఫ్టెక్కి వెళ్లిపోయాడు."

ఇది నవ్వాలో ఏడవాలో తెలియని సమాధానం. దరువు రెండూ చెయ్యలేదు. అన్న భుజం మీద చెయ్యి వేసింది, చిన్నప్పుడు అతను సైకిల్ మీంచి పడ్డ తర్వాత మళ్లీ ఇప్పుడే.

కొడుకు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అర నిమిషం ఖాళీ వదిలిన ఆ చోటు తెర మీద తెల్లగా కనిపిస్తోంది.

"రేపు పంపను," అన్నాడు.

"కంపెనీ ఆయన ఊరుకోడు," అంది కోడలు. "పైగా ఆయనకు నచ్చింది ఆ కుంటినడకే. దాన్నే తీసేశామంటే..."

"వద్దంటే వద్దననీ. వేరేవాళ్లను వెతుక్కుందాం. నాన్న లేకుండా 'వెళ్లొస్తాను' అని పేరు పెట్టుకుని తిరగలేను నేను. సిగ్గుగా ఉంది."

ఈసారి కోడలు అతని కళ్లలోకి చూస్తే అతను కుర్చీ తిప్పుకోలేదు. ఆమె వెళ్లి మైకు దగ్గర నిలబడింది. "అయితే మొదటి నుంచి ఓసారి పాడదాం," అంది. "ఊరికే. మనకోసం."

పాడారు. పొద్దు వాలుతోంది. దుప్పట్ల సందుల్లోంచి వెలుగు ఆర్గాన్ మూత మీద పడింది. ఏడు మొదలైంది. తలుపు, తలుపు, తలుపు. ఆ చోటు వచ్చింది. ముగ్గురూ ఆగిపోయారు. అంతకు మించి వాయించడానికి ఏమీ లేదు.

ఆ నిశ్శబ్దంలోకి వంటింట్లోంచి తల్లి గొంతు వచ్చింది. "తలుపు వెయ్ రా! గాలికి పొయ్యి ఆరిపోతోంది!"

ఎన్నాళ్లకో! కొడుక్కి ఎందుకో కళ్లు చెమర్చాయి. తలుపు వెయ్యడానికి లేచి తిరిగాడు.

గుమ్మం బయట పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి తలుపు రెక్క మీద ఉంది. గోళ్ల సందుల్లో ఇంకా గ్రీజు ఉంది.

"వేస్తాను," అన్నాడు. "లోపల్నుంచి వెయ్యనా, బయట్నుంచి వెయ్యనా?"

తల్లి గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. కోడలు, దరువు కదల్లేదు. అందరూ కొడుకు వైపే చూస్తున్నారు.

"రా నాన్నా," అన్నాడు కొడుకు.

పెద్దాయన లోపలికి వచ్చాడు. తలుపు వేశాడు. ఎవరి వైపూ చూడకుండా స్నానాలగదిలోకి పోయి, అలవాటు ప్రకారం చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. వచ్చి, జేబులోంచి తాళంచెవి తీసి, ఆర్గాన్ మూత ఎత్తాడు.

"అర నిమిషం నాకక్కర్లేదు," అన్నాడు. "రా అన్నంత చోటు వదులు. చాలు."

"రెండు మాత్రల్లోనా? ఆ శ్రుతి నుంచి ఈ శ్రుతికి రెండు మాత్రల్లో దారి లేదు నాన్నా. నేను అన్నీ చూశాను."

"నేనూ లేదనే అనుకున్నాను. అందుకే ఐదు నిమిషాలు అందరినీ మెట్లెక్కించాను. జీవితమంతా లిఫ్టులు బాగుచేసి, మెట్లు కట్టాను చూడు, అంత తెలివి నాది." ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇందాక ఆ తలుపు టక్కుమని పడగానే తెలిసింది. తలుపు వేస్తేనే లిఫ్టు కదిలేది. మీ అమ్మ ఇన్నేళ్లూ అదే మొత్తుకుంటోంది."

"నేను మొత్తుకుంది పొయ్యి గురించి," అంది తల్లి. కానీ మొహం విప్పారింది.

"మరి ఆ ఐదు నిమిషాలు మావయ్యా?" అంది కోడలు మెల్లగా. "అది మీదే అన్నారట."

"నాదే. పారెయ్యకుండా దాచండి. ఇంకో రికార్డుకి పనికొస్తుంది." ఆయన ఓ క్షణం ఆగాడు. "ఇదీ నాదేనమ్మా. ఇంతకు ముందు ఎక్కడా వినలేదు."

"ఏం వాయిస్తావు?" అన్నాడు కొడుకు.

"చెప్తే వస్తుందా? విను."

కొడుకు మైకు సరిచేశాడు. హెడ్‌ఫోన్లు తండ్రి చేతికిచ్చాడు. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. తెర మీద కంపెనీ ఆయన పేరు. కోడలు అతని వైపు చూసింది. కొడుకు ఫోన్ నోరు నొక్కి, దిండు కింద పెట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. వేలు రికార్డింగ్ మీట మీద పెట్టాడు. నొక్కలేదు.

"మొదలుపెట్టమంటావా నాన్నా?"

పెద్దాయన నవ్వాడు. శుక్రవారం తర్వాత ఆయన మొహంలో అదే మొదటి నవ్వు.

"అడిగావుగా," అన్నాడు. "ఇక మొదలుపెట్టు."

ఎర్రదీపం వెలిగింది. దరువు కర్రలెత్తింది. ఏడు నడిచింది, ఊపందుకుంది, ఆ చోటికి వచ్చింది. 'తలుపు వెయ్' దాకా వచ్చి గిటారు ఆగింది, డ్రమ్స్ ఆగాయి. వంటింటి గుమ్మంలో తల్లి చేత్తో నోరు మూసుకుంది, ఎక్కడ ఆ మాట తనే అనేస్తుందోనని.

పెద్దాయన రెండు చేతులూ మీటల మీదికి దిగాయి.